బెత్తెడు తక్కువ

"నిలబడకు తమ్ముడూ, కూచో. ఆయన ముందు అలా నిటారుగా నిలబడ్డావంటే కొలత తీసేస్తాడు. తర్వాత నన్ననకు."

అంటూనే కుచ్చులక్క ఒక ముక్కాలిపీటను కాలితో నా వైపు తోసింది. ఆమె చేతులు ఖాళీగా లేవు. ఒడి నిండా తెల్లగుడ్డ, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆ సూదుల సందులోంచే మాట్లాడగలదు, నవ్వగలదు కూడా.

"తీసేశాను," అన్నాడు ఆమె భర్త, బల్ల మీద నుంచి తల ఎత్తకుండానే. "భుజాల దగ్గర ఇరుకు. తిండి సరిగా తింటున్నట్టు లేడు."

"చూశావా? చెప్పానా?"

"ఎవరితను?"

"నా తమ్ముడండీ, వరసకి."

"అయితే నాకు బావమరిది! ముందే చెప్పొద్దూ? బావమరిదికి మంచి చెక్క వేస్తాను."

ముగ్గురం నవ్వాం. నేనెప్పుడు వెళ్ళినా ఇదే పరిచయం, ఇదే మాట, ఇదే నవ్వు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. ఆ గడప తొక్కగానే కొత్తవాణ్ణయిపోవడం ఇప్పుడు నాకూ అలవాటైంది.

అది శవపేటికలు చేసే ఇల్లు. వీధి వైపు గదిలో పని. దాని వెనక ఒకటే గది, వంటకీ పడకకీ. పని గదిలో పొడవాటి బల్ల, గోడకి వేలాడే రంపాలు, చిత్రికలు, ఉలులు, మూలన నిలబెట్టిన పలకలు. చిత్రిక పట్టినప్పుడు లేచిన చెక్కపొరలు చుట్టలు చుట్టుకుని నేలంతా పరుచుకుని ఉంటాయి. నడిస్తే పాదం కింద నలుగుతాయి. కిటికీ దగ్గర కుట్టుమిషను. అది ఆమె చోటు. పెట్టె లోపల పరిచే మెత్త, దాని మీద తెల్లగుడ్డ, అంచుల వెంబడి కుచ్చులు, తల కింద చిన్న దిండు, ఇవన్నీ ఆమె చేతి పని. అందుకే వీధిలో ఆమె కుచ్చులక్క అయింది.

ఆయన కొలతాయన. ఆ పేరు ఎవరూ ఆయన ఎదుట అనరు. అసలు ఎదుట పడరు. ఆయన వీధిలోకి వస్తే పక్క సందులోకి తిరిగేస్తారు. "ఆయన చూపు పడిందంటే మనకి పెట్టె సిద్ధమైనట్టే" అని కూరగాయల కొట్టాయన పరాచికం. అన్నవాడే, ఆయన అటుగా వస్తే బస్తాల వెనక వంగి కూచుంటాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. దాని సంగతి కుచ్చులక్కే చెప్పింది.

"చావింట్లోకి టేపు తీసుకెళ్ళకూడదు తమ్ముడూ. మా మామగారి నాటి నుంచీ అదే పద్ధతి. ఏడ్చే తల్లి ఎదురుగా బిడ్డ పక్కన టేపు పరిస్తే ఎట్లా ఉంటుంది చెప్పు? అందుకని ఈయన వెళ్ళి కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన. కళ్ళు తెరిచి ఒక్క చూపు. అంతే, వచ్చేసేవాడు. పెట్టె పట్టుకెళ్తే అచ్చుగుద్దినట్టు సరిపోయేది. ‘మీరు అక్కడ ప్రార్థన చేస్తారా, కొలత తీస్తారా?’ అని కొత్తలో అడిగాను. ‘రెండూ వేరా?’ అన్నాడు. ‘ఆ మనిషిని దేవుడి ముందు పెట్టి చూస్తే కొలత దానంతటదే వస్తుంది’ అన్నాడు. నాకేం అర్థం కాలేదు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మా ఆయన చాలా గొప్ప మాట అన్నాడని మాత్రం మా అమ్మకి చెప్పుకున్నాను."

కొన్నేళ్ళుగా ఆయనకి జ్ఞాపకం జారిపోతోంది. ముందు సామాను ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు. తర్వాత మనుషుల పేర్లు. తర్వాత మనుషులు. చెట్టు మీంచి ఆకులు రాలినట్టు అన్నీ రాలి, చివరికి ఒక్క మధ్యాహ్నం మిగిలింది. ఆ దంపతులకి ఒక్కగానొక్క కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల. జ్వరం వచ్చి చనిపోయింది. ఆ పిల్లకి పెట్టె చేయాల్సి వచ్చిన మధ్యాహ్నం అది. ఇప్పుడు ఆయన లేచిన దగ్గర నుంచీ ఆ పెట్టె చేస్తాడు. పూర్తవుతుంది, పడుకుంటాడు, లేస్తాడు, మళ్ళీ మొదలు.

ఆ పెట్టెలు ఏమవుతాయని నేను అడగలేదు. నాకు తెలుసు. నేను మొదట ఆ ఇంటికి వెళ్ళిందే పుస్తకాలకి అర కావాలని. కుచ్చులక్క అడగ్గానే విప్పేసిన పెట్టె పలక ఒకటి ఇచ్చింది. మా వీధిలో ఏ ఇంట్లోకి వెళ్ళి చూసినా గోడల మీది అరలన్నీ ఒకే పొడుగు. ఆ పొడుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఆమె నేల చూపులు చూస్తూ కూచుంటుంది.

ఆ రోజు ఆయన ఎడమ చేతికి కట్టు ఉంది. లావుగా, బొటనవేలి నుంచి మణికట్టు దాకా.

"రంపం," అంది కుచ్చులక్క నా చూపు చూసి. "పొద్దున మా మరిది వచ్చి వెళ్ళాడు. సాయంత్రం బండి తోలుకొస్తాడట. రంపాలు, ఉలులు, పని సామానంతా వాళ్ళ షెడ్డుకి పట్టుకెళ్ళిపోతాడు."

మరిదిది వీధి చివర షెడ్డు. ఇప్పుడు నిజంగా వచ్చే పనులన్నీ అతనే చేస్తాడు. లోపలి గుడ్డలు మాత్రం వదిన చేత కుట్టిస్తాడు. మంచివాడు. అన్నగారి చేతి కింద పని నేర్చుకున్నవాడు.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, పాపం. అక్కడ, ఆ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ‘వదినా, నువ్వు మంచిదానివే. మంచితనంతో రక్తం ఆగదు. ఈసారి వేలు పోతుంది’ అన్నాడు. ‘సామాను లేకపోతే ఆయన చేతులు ఏం చేస్తాయయ్యా?’ అన్నాను. ‘నాకు తెలీదొదినా’ అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. నేను కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అతను అన్నదాంట్లో తప్పేముంది?"

బల్ల దగ్గర ఆయన ఒక పలకని రెండు వైపులా తిప్పి చూస్తున్నాడు. ముడి ఉన్న చోట వేలితో రుద్ది, పక్కన పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు. కట్టు ఉన్న చేయి అడ్డొస్తుంటే దాన్ని ఎవరిదో చేయి అన్నట్టు విసుగ్గా పక్కకి జరుపుకుంటున్నాడు.

"సాయంత్రంలోగా అయిపోవాలి," అన్నాడు తనలో తాను. "పాస్టరుగారు వచ్చేస్తారు."

"అవుతుందండీ," అంది ఆమె, కుట్టు మీంచి కళ్ళు తీయకుండా.

తర్వాత నాతో గొంతు తగ్గించి అంది: "మొదట్లో నేను ఇట్లా అనేదాన్ని కాదు. నిజం చెప్పేదాన్ని. అబద్ధం నాకు చేతకాదు తమ్ముడూ. ఆడితే నా మొహమే చెప్పేస్తుంది. ‘ఏమండీ, అయిపోయింది. ఎన్నో ఏళ్ళయింది. పాపని పడుకోబెట్టి వచ్చేశాం’ అనేదాన్ని. ఏడుస్తాడనుకున్నావా? ఏడవడు. ‘నేను చేసిన పెట్టెలోనేనా?’ అనేవాడు. ‘ఆ’ అనేదాన్ని. ‘సరిపోయిందా?’ అనేవాడు."

సూది ఆగిపోయింది.

"దానికేం చెప్పను?"

నేను పీట కాస్త ముందుకి జరుపుకున్నాను.

"సరిపోలేదు తమ్ముడూ. బెత్తెడు తక్కువైంది. ఎంతమంది కొలతలో తీసిన కళ్ళు. ఒక్కరికీ తప్పలేదు. సొంత బిడ్డకి తప్పింది. మోకాళ్ళు కాస్త మడిచి పక్కకి తిప్పి పడుకోబెట్టాం. నిద్రలో అది అట్లాగే పడుకునేది కాబట్టి చూసినవాళ్ళెవరికీ తెలియలేదు. ‘నిద్రపోతున్నట్టే ఉందమ్మా’ అన్నారు. నాకు తెలుసు. ఆయనకి తెలుసు. ఇంటికొచ్చాక ఆ మాట ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు. ఇన్నేళ్ళూ ఒక కంచం, ఒక మంచం. ఆ మాట మటుకు లేదు."

"కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చి ఉంటాయక్కా."

"అందరూ అదే అన్నారు, మా మరిదితో సహా. కాదు. ఆ రోజు ఆయన ఏడవనే లేదు. ఎప్పటిలాగే కాళ్ళ దగ్గర నిలబడ్డాడు, ప్రార్థన చేశాడు, చూశాడు. చూపు బాగానే ఉంది. కానీ తండ్రి కంటికి కూతురు ఎప్పుడూ ఓ ఏడాది వెనకే ఉంటుంది తమ్ముడూ. పెరిగిన బిడ్డ అక్కడ పడుకుని ఉంటే ఆయన పోయినేటి బిడ్డని చూశాడు. పలక కోసేటప్పుడు నేను చూసి ఉంటే చెప్పేదాన్ని. ఆ ముందు వారమే దాని గౌను అంచు విప్పి కిందికి దించాను. పొట్టిదైపోయింది, బడిలో నవ్వుతున్నారని అలిగి కూచుంటే. కానీ నేను లోపల దానికి స్నానం చేయిస్తున్నాను. ఎంత పొడుగుందమ్మా అని నన్నెవరు అడుగుతారు? కొలతాయన ఉండగా!"

ఆఖరి మాటకి నవ్వింది. నవ్వు సూదుల మధ్య చిక్కుకుని దగ్గయింది. ఆమె సూదులు తీసి గుడ్డకి గుచ్చుకుంది.

"అందుకని నిజం చెప్పడం మానేశాను. అబద్ధం చెప్పలేదు. ఊరుకున్నాను. ఆయన పెట్టె చేస్తాడు, నేను గుడ్డ కుడతాను. చివర్లో మూత పెట్టబోయే ముందు ఆయన పెట్టె కాళ్ళ దగ్గర నిలబడతాడు చూడు, అప్పుడు తెలిసిపోతుంది ఆయనకి. ఎట్లా తెలుస్తుందో దేవుడికే ఎరుక. ‘పొట్టిదైపోయింది, పొట్టిదైపోయింది’ అని అక్కడే కూలబడతాడు. మళ్ళీ పొద్దున లేచి అదే పొట్టి పెట్టె మొదలెడతాడు. చేతికి ఆ కొలతే తెలుసు మరి."

ఆమె గుడ్డని మిషను కిందికి జరిపి తొక్కడం మొదలుపెట్టింది. కుచ్చు మడత మీద మడత వేసుకుంటూ ఆమె వేళ్ళు ముందుకి వెళ్తున్నాయి.

"పాస్టరుగారు ఏమీ చెప్పలేదా అక్కా?"

"వచ్చారు. ఇదిగో, నువ్వు కూచున్న పీట మీదే కూచున్నారు. మంచి మనిషి, వాక్యం బాగా చెప్తారు. ‘అమ్మా, గతాన్ని వదిలెయ్యండి. దేవుడు మనకి ఈ క్షణంలోనే కనపడతాడు. ఈ క్షణంలో జీవించండి’ అన్నారు. ‘అయ్యగారూ, మా ఆయన అచ్చంగా ఈ క్షణంలోనే జీవిస్తున్నారండీ. నిన్న లేదు, రేపు లేదు. ఆ ఉన్న క్షణమే బాగాలేదు’ అన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆపుకోవడం ఎందుకన్నట్టు ఆమే నవ్వింది.

"ఆయన కూడా నవ్వబోయి ఆగిపోయారు. ‘నాకు తెలియదమ్మా’ అన్నారు చివరికి. అట్లా అన్నందుకే ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. అని ఊరుకోలేదు, లేచి చీపురు తీసుకుని ఈ చెక్కపొరలన్నీ ఊడ్చారు. మంచి చొక్కా వేసుకుని! ఊడ్చిన ఊడుపు బాగాలేదులే, ఆయన వెళ్ళాక మళ్ళీ ఊడ్చుకున్నాను. అయినా ఆ చీపురు పట్టుకున్నప్పుడే నాకు కాస్త ఊపిరాడింది."

"అప్పటికి నా ప్రార్థనలన్నీ రేపటివే తమ్ముడూ," అంది ఆమె కుచ్చు సర్దుకుంటూ. "ప్రభువా, రేపు ఈయన ఇది మర్చిపోయేలా చెయ్యి. ప్రభువా, నాకంటే ముందు ఈయన్ని తీసుకుపో. మళ్ళీ నాలిక్కరుచుకుని, వద్దు, నన్నే ముందు తీసుకుపో. మళ్ళీ, అయ్యో, నేను పోతే ఈయనకెవరు? ఇట్లా. చేతులు ఇక్కడ కుడుతుంటే మనసు రేపట్లో తిరుగుతుండేది. ఆ గుడ్డ ఎట్లాగూ విప్పేసేదే కదా అని పెద్దపెద్ద కుట్లు వేసేదాన్ని, గోనెసంచి కుట్టినట్టు. ఒకరోజు ఈయన వచ్చి కుట్టుని వేలితో తడిమి చూశాడు. ‘ఇదేంటి? పిల్లకి గుచ్చుకుంటుంది’ అన్నాడు."

ఆమె మిషను ఆపింది.

"ఇంకేం అనలేదు. అరవలేదు. వెళ్ళి చిత్రిక పట్టుకున్నాడు. నాకు తల తిరిగిపోయింది. ఈయన నా ఎదురుగా మొదటిసారి చేస్తున్నట్టు చేస్తున్నాడు. బిడ్డ లోపలే ఉన్నట్టు చేస్తున్నాడు. నేను మాత్రం అంతా అయిపోయిందని వదులుగా కుడుతున్నాను. దేవుడి ముందు ఎవరి పని పని? రేపు విప్పేస్తాను ప్రభువా, అందుకని ఇవాళ వదులుగా కుట్టానని చెప్పగలనా ఆయనకి? ఆ మొత్తం విప్పి మళ్ళీ చిన్న కుట్లు వేశాను. అప్పటి నుంచి ఎప్పుడూ చిన్న కుట్లే. పొద్దున కూచుని విప్పుతాను. మళ్ళీ కుడతాను."

"కష్టం కదక్కా."

"కష్టం కాకపోతే సుఖమా? నువ్వు పుస్తకాలు చదివేవాడివి, ఇదంతా విని, అక్కకి శాంతి దొరికిందని ఎక్కడైనా రాసేవు. శాంతీ లేదు, ఏమీ లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అన్నం ఇవాళ్టికే అడగమన్నాడు. ఓర్పూ అంతే. పొద్దున లేచేసరికి గిన్నె ఖాళీగా ఉంటుంది. నిన్న అంత ఓర్చుకున్నాను కదా, కాస్తయినా మిగిలి ఉంటుందనుకుంటాను. చుక్క మిగలదు. మళ్ళీ అడుక్కోవాలి. అడిగితే ఇస్తాడు, లేదనను. ఈ కుచ్చు దాకా ఇస్తాడు. తర్వాతి కుచ్చుకి మళ్ళీ అడగాలి. ఆయన చెయ్యి అంత పిసినారి చెయ్యి."

దేవుణ్ణి అలా చనువుగా తిట్టడం నేను ఆమె దగ్గరే విన్నాను. తన పెద్దన్నయ్య గురించి మాట్లాడినట్టు ఉంటుంది.

కిటికీలోంచి పడే ఎండ మిషను మీంచి నేల మీదికి దిగింది. ఆయన మంచి పలక ఒకటి ఎంచి బల్ల మీద పరిచాడు. పెట్టెకి పక్క పలక అది. దాని పొడుగే పెట్టె పొడుగు. ఆయన బల్ల చివరికి, మనిషి కాళ్ళుండే వైపుకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. కళ్ళు తెరిచి, ఖాళీ బల్ల మీద ఎవరో పడుకుని ఉన్నట్టు ఒక్కసారి చూశాడు. చెవి మీది పెన్సిలు తీసి పలక మీద గీత గీశాడు.

కుచ్చులక్క ఆ గీత వైపే చూస్తోంది.

"ఇదే," అంది నెమ్మదిగా. "ఈ గీతే. ఎప్పుడూ ఇక్కడే. రేపు ఈ గదిలో రంపం ఉండదు తమ్ముడూ. ఇంక ఆయన ఎన్నటికీ పొట్టి పెట్టె దగ్గరే ఉండిపోతాడు."

ఆయన రంపం అందుకున్నాడు. కట్టు ఉన్న చేత్తో పలకని అదిమిపట్టబోతే పట్టు చిక్కలేదు. నేను లేచి పలక రెండో కొస పట్టుకున్నాను. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి బావమరిదీ," అన్నాడు. నన్ను గుర్తుపట్టడం కాదు. ఆ వరస ఎక్కడో నాలిక చివర నిలిచింది. రంపం పళ్ళు గీత మీద ఆనాయి.

"ఏమండీ."

కుచ్చులక్క ఒడిలోని గుడ్డ పక్కన పెట్టి లేచింది. నడిచి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ పనివాడి పనిలో ఆమె వేలు పెట్టినట్టు లేదు. ఆ నిలబడటంలోనే బెరుకు తెలుస్తోంది.

"ఏంటి? పాస్టరుగారు వచ్చేశారా?"

"లేదండీ. పాప..."

ఆగింది. కళ్ళు మూసుకుంది, ఆయన మూసుకున్నట్టే. ఎంతసేపో కాదు. ఒక కుచ్చుకి సరిపడా ఓర్పు అడుక్కునేంత సేపు.

"పాప పెరిగిందండీ," అంది. "మీరు చూడలేదు. పోయిన వారమే గౌను అంచు విప్పి దించాను. పొట్టిదైపోయిందని అలిగితే."

ఆయన రంపం ఎత్తాడు.

"పెరిగిందా?"

"పెరిగింది."

"ఎంత?"

ఆమె చేయి చాపి, నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి, పలక మీద ఆ గీత పక్కన ఆనించింది. "బెత్తెడు."

ఆయన ఆ వేళ్ళని చూశాడు. ఆమె మొహం చూశాడు. నెమ్మదిగా ఆయన మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. దాన్ని నేను ఏమని చెప్పను? కూతురు ఒక్క ఏడాదిలో ఎంత ఎదిగిందో ఎవరో చెప్తే విని పొంగిపోయే తండ్రి మొహం అది. ఆ పిల్లకి పెట్టె చేస్తున్నానని ఆయనకి తెలుసు. అయినా పొంగిపోయాడు.

"బెత్తెడే! నా తల్లి... నాకు చెప్పనే లేదు చూడు," అన్నాడు. "అన్నీ నీతోనే చెప్తుంది."

"ఆడపిల్ల కదండీ."

"మీ పుట్టింటి పొడుగు వచ్చింది."

"మీ పొడుగే అండీ."

ఆయన పెన్సిలు మళ్ళీ తీశాడు. ఆమె వేళ్ళు తీయలేదు. ఆ వేళ్ళ అవతలి అంచు వెంట గీత గీశాడు, పాత గీతని బొటనవేలితో తుడిచేశాడు. ఇప్పుడు రంపం కొత్త గీత మీద ఆనింది. కోత సాగుతుంటే పొట్టు నా చేతుల మీద పడింది. నేను కొస గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఆయన కట్టు చేయి మీద తన చేయి వేసి అదిమి ఉంచింది, ఆ చేయి రంపం వైపు జరగకుండా.

రెండో పలక కోశాడు. అడుగు చెక్క కోశాడు. ఆయన మేకు కొడుతుంటే నేను మూలలు పట్టాను. ఒక్క మేకు వంకర పోతే "ఇది దయ్యం మేకు" అని పీకి అవతల పారేశాడు. పెట్టె నిలబడింది. అంచులని అరచేత్తో తడిమి చూసుకున్నాడు, ఎక్కడైనా చెక్కపేడు లేచి ఉందేమోనని. అంతా అయ్యాక కాళ్ళ వైపు వెళ్ళి నిలబడ్డాడు.

కుచ్చులక్క పైటకొంగు గుప్పిట్లో బిగించింది. ఎప్పుడూ ఆయన కూలబడేది ఇక్కడే.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు సరిపోతుందా?" అన్నాడు.

"సరిపోతుందండీ," అంది ఆమె. "కాళ్ళు చాపుకుంటుంది."

ఆయన తల ఊపాడు. కూలబడలేదు. గోడ పక్కన చెక్కపొరల మీద, పనైపోయిన మనిషి కూచున్నట్టు కూచున్నాడు. కూచున్న కాసేపటికి ఏడ్చాడు. చప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం ఏడవని ఏడుపు అదేనేమో, నాకు తెలియదు. ఆమె వెళ్ళి పక్కన కూచుంది. ఓదార్చలేదు. ఆయన తలకి అంటుకున్న పొట్టుని ఒక్కో రేణువే తీస్తూ కూచుంది.

"అబద్ధం కాదుగా తమ్ముడూ?" అంది కొంతసేపయ్యాక, నా వైపు చూడకుండా.

"కాదక్కా."

"పెరిగిన మాట నిజమే. అప్పుడు చెప్పాల్సింది, ఇప్పుడు చెప్పాను. రేపు లేచేసరికి ఆయనకి ఇది ఉండదు. మళ్ళీ ఆ పొట్టి పెట్టే. అప్పుడు రంపం కూడా ఉండదు. ఏం చేస్తాడో, నేనేం చేస్తానో..." అక్కడ తనే మాట తుంచేసుకుంది. "రేపటి ఊసు మనకెందుకులే."

లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి కుట్టిన గుడ్డ తెచ్చింది. పెట్టెలో పరిచింది. తల వైపు నుంచి సర్దుకుంటూ వచ్చింది. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. గుడ్డ అయిపోయింది. చెక్క కనపడుతోంది, నాలుగు వేళ్ళ మేర.

ఆమె ఆ చెక్క మీద చేయి పెట్టి అలాగే ఉండిపోయింది. నేను పక్కకి చూశాను.

"ఎన్నిసార్లు కుట్టానో," అంది. "నా చేతికీ ఆ కొలతే అలవాటైపోయింది. చూశావా నన్ను?"

గోడ దగ్గర ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రో, ప్రార్థనో.

"లే తమ్ముడూ," అంది కుచ్చులక్క గొంతు సవరించుకుని. "మూల మీద గుడ్డల కొట్టు ఇంకా కట్టెయ్యలేదు. పరుగెత్తు. ఇదే తెలుపు, ఇదే మెత్తన. గంజి పెట్టింది ఇస్తే వద్దని చెప్పు, పిల్లకి గుచ్చుకుంటుంది. బెత్తెడు అడిగేవు, కుచ్చు పెట్టాలి, మూర తీసుకురా. ఇంకో మాట. దారిలో మా మరిది బండి తోలుకుంటూ ఎదురొస్తాడు. సామాను ఇవ్వనని కాదు, ఇస్తాను. కానీ నువ్వు మాటలపోగువి కదా, ఏదో ఒకటి ఎత్తుకో, లోకం సంగతులో, వాళ్ళావిడ నడుం నొప్పి సంగతో. ఈ అంచు కుట్టేదాకా అతన్ని అక్కడే నిలబెట్టు తమ్ముడూ. చిన్న కుట్లు కదా, కాస్త సేపు పడుతుంది."